ఫ్రెడ్ స్మిత్ అంటే ఆ పేకాట రాత్రేనా?

మా అన్నయ్య కొడుకు షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసి డబ్బు పోగొట్టుకున్నాడు. ఎంతో ఇక్కడ ఎందుకు లెండి. నాలుగు చీవాట్లు పెడదామని ఫోన్ చేస్తే, వాడే నాకు కథ వినిపించాడు. "బాబాయ్, అమెరికాలో ఫెడెక్స్ కొరియర్ కంపెనీ పెట్టిన ఫ్రెడ్ స్మిత్ తెలుసుగా? కంపెనీ మునిగిపోతుంటే చివరి 5,000 డాలర్లు పట్టుకుని లాస్ వేగాస్ వెళ్లి, బ్లాక్‌జాక్ పేకాట ఆడి 27,000 చేసుకొచ్చాడు. రిస్క్ తీసుకోకపోతే ఏదీ రాదు."

2025 జూన్ 21న, 80 ఏళ్ల వయసులో ఆయన పోయినప్పుడు కూడా ఇదే గోల. ఎవరి వాల్ మీద చూసినా పేక ముక్కలు, విమానం బొమ్మ, వెనక డప్పు సంగీతం. మనిషి ఎనభై ఏళ్లు బతికితే మనకు మిగిలింది ఒక్క రాత్రి.

ఆ కథ అబద్ధమని అనను. కంపెనీ తొలినాళ్లలో ఉన్న అధికారే తన పుస్తకంలో రాశాడు. ఇంధనం బిల్లు కట్టాలి, చేతిలో డబ్బు లేదు, వేగాస్‌లో గెలిచింది దానికి సరిపోయింది. కానీ ఆ 27,000తో విమానాలు ఎగిరింది కొద్ది రోజులు. ఆ తర్వాత గడప గడపా తిరిగి కోటి డాలర్లకు పైగా పెట్టుబడి తేబట్టే సంస్థ బతికింది. అయినా 1975 దాకా లాభం మొహం చూడలేదు. అప్పులవాళ్ల ముందు కూర్చుని ఒప్పించిన ఆ నెలల మీద రీల్ ఎవరు చేస్తారు? అందులో పేక ముక్కలు లేవు కదా.

ఇంకో కథ కూడా తెగ తిరుగుతుంది. యేల్ యూనివర్సిటీలో ఈ కొరియర్ ఆలోచన మీద పేపర్ రాస్తే మాస్టారు 'సి' గ్రేడ్ ఇచ్చాడట. ఏ గ్రేడ్ వచ్చిందో తనకు గుర్తు లేదని ఆ పెద్దమనిషే చెప్పాడు. మనకు మాత్రం గుర్తుంది!

నాకు చిరాకెందుకంటే, వీళ్లు వదిలేసిన భాగమే అసలు మనిషి. స్మిత్ మొదట నడిపిన కంపెనీ ఫెడెక్స్ కాదు. అమెరికా మెరైన్ దళంలో ఐదో రెజిమెంట్, మూడో బెటాలియన్‌లోని కిలో కంపెనీ. ఇక్కడ కంపెనీ అంటే సైనికుల జట్టు. 1968 మే నెలలో వియత్నాంలోని గోయ్ నోయ్ దగ్గర ఆయన మనుషుల మీద భీకరమైన కాల్పులు జరిగాయి. ఆ కాల్పుల మధ్యనుంచే పోరు ఎక్కువగా ఉన్న చోటికి పరుగెత్తాడు, గాయపడ్డవాళ్లను ఇవతలికి చేర్పించాడు, విమాన దాడులకు దారి చూపాడు. అప్పటికి 24 ఏళ్లు నిండలేదు. దానికే సిల్వర్ స్టార్ అనే సాహస పతకం ఇచ్చారు. అది కాక ఒక బ్రాంజ్ స్టార్, రెండు పర్పుల్ హార్ట్‌లు. పర్పుల్ హార్ట్ అంటే శత్రువు చేతిలో గాయపడ్డవాళ్లకిచ్చే పతకం. ఆ గాయాల మీద పోస్ట్ నాకైతే కనబడలేదు.

యేల్‌లో చదువుకున్న, డబ్బున్న ఇంటి కుర్రాడు. తండ్రి మోటారు బస్సుల కంపెనీ పెట్టినవాడు, కొడుక్కి నాలుగేళ్లప్పుడు పోయాడు. వియత్నాంలో మాత్రం ఆయన బతుకు ఆధారపడింది కాలేజీ మెట్లు ఎక్కని, కూలి చేసుకునే ఇళ్లనుంచి వచ్చిన పిల్లల మీద. వాళ్లు ఏం ఆలోచిస్తారో, ఎందుకు ఒక అధికారి మాట వింటారో, ఇంకొకడి మాట ఎందుకు వినరో అక్కడే నేర్చుకున్నానని, ఫెడెక్స్ నడిపిన తీరంతా మెరైన్లలో నేర్చుకున్నదేనని తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. విధ్వంసం చూసి చూసి విసిగిపోయి, ఏదైనా నిర్మించాలనే పట్టుదలతో తిరిగొచ్చానని కూడా అన్నాడు.

1973 ఏప్రిల్ 17 రాత్రి మెంఫిస్ నుంచి మొదలైంది పని. 14 చిన్న ఫాల్కన్ జెట్లు, 25 నగరాలు, 186 పార్సిళ్లు. అంతే! ప్రతి ఊరి సరుకూ ముందు మెంఫిస్ రావాలి, అర్ధరాత్రి వేరుచేసి, తెల్లారేలోపు మళ్లీ ఎగరేయాలి. పక్క ఊరికి పోయే పార్సిల్ కూడా మెంఫిస్ మీదుగానేనా అని నవ్వినవాళ్లున్నారు. బ్యాంకుల చెక్కులన్నీ ఒకచోట చేరి క్లియర్ అయినట్టే ఇదీ. దీని ప్రాణమంతా ఎవరి చేతిలో ఉందో చూడండి. రాత్రి రెండింటికి చలిలో డబ్బాలు మోసేవాడి చేతిలో. వాడు ఒక్కడు తప్పు బెల్ట్ మీద వేస్తే పొద్దున ఒక పార్సిల్ దారి తప్పినట్టే. ఇది కిలో కంపెనీ కమాండర్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మనుషులు, సేవ, లాభం అని వరస పెట్టుకున్నాడు, లాభం మూడోది. బాగా పనిచేసినవాళ్లకు ఇచ్చే 'బ్రావో జూలూ' మెప్పు కూడా నౌకాదళం భాషే. భేష్ అని అర్థం.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి, లేకపోతే నేనూ రీల్ చేసినవాడినే అవుతాను. అదే సంస్థలో నేల మీద వ్యాన్లు నడిపినవాళ్లను చాలాకాలం ఉద్యోగులు కాదు, స్వతంత్ర కాంట్రాక్టర్లు అన్నారు. కాలిఫోర్నియా డ్రైవర్లు కోర్టుకెక్కితే 2015లో 22.8 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు. యూనియన్లంటే స్మిత్‌కు పడేది కాదు. మనుషులు ముందు అన్నవాడి దగ్గర ఆ డ్రైవర్లు ఏ వరసలో ఉన్నారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మెచ్చుకోడానికి ఇదేం అడ్డు కాదు, దాచడం మాత్రం తప్పు.

నేనుండేది వర్జీనియాలో. ఇక్కడ డల్లెస్ విమానాశ్రయం పక్కనే స్మిత్‌సోనియన్ వాళ్ల పెద్ద మ్యూజియం ఉంది. కాంకార్డ్, స్పేస్ షటిల్ ఉన్న ఆ హాళ్లలో ఫెడెక్స్ తొలి ఫాల్కన్ విమానం కూడా ఉంది. మనుషులు కూర్చునే బుల్లి జెట్‌కు పక్కన పెద్ద తలుపు కోసి సరుకు విమానం చేశారు. పెద్ద విమానాలు నడపడానికి అప్పటి నియమాలు ఒప్పుకోలేదు, 1977లో చట్టం మారాకే వీలైంది. జనం దాని ముందు ఆగరు, షటిల్ వైపు పోతుంటారు. ముక్కు దగ్గర పేరు రాసి ఉంటుంది: వెండీ. స్మిత్ పెద్ద కూతురు. ఆ తర్వాత ఉద్యోగుల పిల్లల పేర్లు విమానాలకు పెట్టడం అక్కడ ఆనవాయితీ అయింది. పదిమంది బిడ్డల తండ్రి ఆయన. ప్రకృతి ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న వెండీ 2005లో గుండె లయ తప్పే జబ్బుతో హఠాత్తుగా పోయింది. అలాంటి ఆకస్మిక మరణాల మీద మేయో క్లినిక్‌లో పరిశోధన చేసే ల్యాబ్‌కు ఆమె పేరే ఉంది.

మొన్న ఆదివారం వెళ్లి ఆ ముక్కు ఫొటో తీసి మా వాడికి పంపాను. పేకాట వీడియోకి పెట్టినట్టే ముందు ఒక నిప్పు బొమ్మ పెట్టాడు. పది నిమిషాలకు మళ్లీ మెసేజ్.

"బాబాయ్, వెండీ ఎవరు?"

ఫోన్ చేశాను. ఈసారి ట్రేడింగ్ ఊసు ఎత్తలేదు.