మా కాలనీని కంపెనీ చేద్దాం

మా వీధిలో ఎవరైనా "కార్పొరేషన్ వాళ్ళొచ్చారు" అని కేకేస్తే కాసేపు గందరగోళమే. చెత్త బండి వచ్చిందా, ఇంటి పన్ను నోటీసు వచ్చిందా, లేక వెనకాల కొండ కొలవడానికి ఏ కంపెనీవాళ్ళో టేపు పట్టుకుని దిగారా? చెత్త, పన్నులది మనం ఓటేసి ఎన్నుకున్న కార్పొరేషన్. కొండ కొలిచేది, అంటే కంపెనీ, మన ఊరిని ఎన్నుకున్న రెండో రకం కార్పొరేషన్. పేరు ఒకటే కావడంతో విశాఖవాళ్ళం పడే టెన్షన్ బయటి ఊళ్ళవాళ్ళకి తెలీదు.

తేడా పట్టడానికి నా దగ్గరో చిట్కా ఉంది. ఓట్ల కార్పొరేషన్ లేకపోయినా రోజులు గడిచిపోతాయి. మన మహా విశాఖ నగరపాలక సంస్థకు, అంటే జీవీఎంసీకి, 2007లో ఎన్నికలు జరిగాయి. 2012లో పాలకవర్గం గడువు తీరింది. మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో. అంటే ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు పదో తరగతికి వచ్చేదాకా నగరానికి కార్పొరేటర్ అనే ప్రాణి లేడు. అదే రెండో రకం కార్పొరేషన్ తొమ్మిది రోజులు కనబడకపోతే మంత్రులు విమానమెక్కి దేశదేశాలూ వెతికి మరీ పట్టుకొస్తారు.

ఆ ఖాళీ ఏళ్ళలోనే 2020 మే 7 కూడా ఉంది. ఎల్జీ పాలిమర్స్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై ఆర్.ఆర్. వెంకటాపురంలో పన్నెండు మంది చనిపోయిన తెల్లవారుజాము. వెళ్ళి తలుపు తట్టడానికి ఆ వీధులకు ఎన్నికైన కార్పొరేటర్ ఒక్కరూ లేరు. దీనిమీద వేళాకోళానికి నాకు నోరు రాదు. ముందుకు పోతాను.

ప్రజలను అడగరు అని మాత్రం ఎవరూ అనకూడదు. అడుగుతారు, షామియానా వేసి మరీ అడుగుతారు. కొన్నేళ్ళ కిందట జిల్లాలో ఒక పెద్ద ఫ్యాక్టరీ కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు నేనూ వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, కుర్చీకొక పోలీసు. మా వీధికి చేపలు తెచ్చే పిన్ని పుట్టిల్లు ఆ సముద్రపు ఒడ్డునే. తను మైకు అందుకుంది.

"బావూ, మేం ఒద్దంటే ఏటవుద్ది?"

"మీ అభిప్రాయం రికార్డు చేస్తామమ్మా."

"రాసుకున్నాక ఏటవుద్ది?"

"పైకి పంపిస్తాం."

పిన్ని తలెత్తి షామియానా కేసి చూసింది. పైన ఎవరూ లేరు.

ఇంటికొచ్చి నిబంధనలు తిరగేశాను. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ చాలా పకడ్బందీగా ఉంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం వీడియో తీయాలి. కలెక్టరో, ఆయన తరఫున మరో పెద్ద అధికారో అధ్యక్షత వహించాలి. ఓటింగ్ మాత్రం లేదు. కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్క, కూడా అక్కర్లేదని స్పష్టంగా రాశారు. ఒక్కడొచ్చినా సభే, ఎవరూ రాకపోయినా సభే. ఇందులో తప్పు పట్టాల్సింది నాకేమీ కనబడలేదు. అన్నది అభిప్రాయ సేకరణ అనే కదా, పాటిస్తామని ఎవరన్నారు? మన గిరిజన కార్పొరేషన్‌వాళ్ళు (చూశారా, మూడో కార్పొరేషన్) అడవి తేనె సేకరిస్తారు. సేకరించే ముందు తేనెటీగ సలహా అడుగుతారా?

ఆ మాత్రం అడగడం కూడా కష్టమనిపిస్తే పార్కు ఉంది. పార్కంటే ఉయ్యాల, జారుడుబల్ల, మూడు చక్రాల సైకిలు అనుకునే అమాయకులం మనం. చట్టంలో ఇంకో రకం పార్కుంది. అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల ఫ్యాక్టరీ పెడితే మళ్ళీ జనాన్ని అడగనక్కర్లేదని అదే నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. అందుకే మన తీరం పొడుగునా అన్ని పార్కులు. ఒక్కదాంట్లోనూ ఉయ్యాల లేదు.

అసలు జనం మాటకు విలువిస్తే ఎలా ఉంటుందో పక్క రాష్ట్రంవాళ్ళు ఒకసారి చేసి చూశారు. 2013లో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు ఊళ్ళలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. పన్నెండుకి పన్నెండు! మొహమాటానికైనా ఒక్క ఊరు సరేననలేదు. ఫలితం ముందే తెలుసుకోకుండా ప్రశ్న అడిగితే జరిగేది ఇదే. ఎన్నికలు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు ఇంత అజాగ్రత్తగా ఎలా ఉన్నారో.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? అద్దాల విస్టాడోమ్ బోగీలో కూర్చుని బొర్రా గుహలకు వెళ్తాం, బొంగులో చికెన్ తింటాం, ఫొటోలు దిగి వస్తాం. ఆ అనంతగిరి కొండల్లో గిరిజనుల తరఫున సమత అనే సంస్థ కాల్సైట్ ఖనిజపు గనుల మీద కోర్టుకెక్కిందని మనకెవరూ చెప్పరు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు అక్కడ పుట్టిందే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర 'వ్యక్తి'కి భూమి బదలాయించకూడదని నిబంధన. సర్కారు కూడా ఒక వ్యక్తేనని, అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. సర్కారు మనిషని కోర్టుదాకా వెళ్తే గానీ తేలలేదు. కంపెనీ మనిషేనని మాత్రం చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. దానికి పేరుంది, ఆస్తి ఉంది, కేసు వేసే హక్కుంది. ఊపిరితిత్తులొక్కటే లేవు.

కొండ మీద గ్రామసభ ఉంది కాబట్టి ఈ గోలంతా. మైదానంలో దానికి విరుగుడు దొరికింది. ఊరిని నగరంలో కలిపేయడం. 2005లో గాజువాక మునిసిపాలిటీతో పాటు 32 ఊళ్ళను కలిపితేనే మనం 'గ్రేటర్' అయ్యాం. ఊరికి వీధి దీపాలొచ్చాయి, పన్ను పెరిగింది, గ్రామసభ పోయింది. దాని బదులు మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. మా వార్డు కమిటీ ఎక్కడ కూర్చుంటుందని రెండేళ్ళుగా వాకబు చేస్తున్నాను. అడిగిన ప్రతివాళ్ళూ వార్డు సచివాలయం దారి చూపిస్తున్నారు. అక్కడికెళ్తే ఆధార్ కార్డు తెచ్చారా అంటున్నారు.

ఇదంతా ఆలోచించగా నాకు తట్టింది. మన పెద్దవాళ్ళే మాట తప్పుగా వాడారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో వీధుల్లోకొచ్చారు, 32 మంది ప్రాణాలు పోయాయి. 2021 జనవరిలో ఆ ఉక్కు ఫ్యాక్టరీని నూటికి నూరు శాతం అమ్మేద్దామని కేంద్రం నిర్ణయించినప్పుడు ఆ హక్కు ఏ కాగితం మీదా కనబడలేదు. అమ్మొద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది, కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం వెలిసింది. హక్కు అనకుండా షేరు అని ఉంటే కనీసం మీటింగుకైనా పిలిచేవారు.

అందుకని మా కాలనీ సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. మనం పౌరులుగా ఉండటం మానేసి కంపెనీ అయిపోదాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు లిమిటెడ్ పెట్టడానికి ఇద్దరు చాలు. మా అపార్టుమెంటులోనే నలభై ఫ్లాట్లున్నాయి. అర్జీ రాసేటప్పుడు "అయ్యా, మా వీధి కాలవ" అని మొదలుపెట్టకుండా "పెట్టుబడి ప్రతిపాదన" అని రాద్దాం. 2025 ఏప్రిల్‌లో ఐటీ కంపెనీ టీసీఎస్‌కు రుషికొండలో 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. అదే నెలలో మన ఓట్ల కార్పొరేషన్ మేయరు మీద అవిశ్వాసం పెట్టి దించే పనిలో తలమునకలుగా ఉంది, అది వేరే సంగతి. మనకు ఎకరాలొద్దు, పిల్లలాడుకునే ఆ చివరి ఖాళీ జాగా చాలు. 99 పైసలూ మనమే పెట్టుకుందాం.

కోశాధికారిగారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు అనుమానమొచ్చింది. పావలా, అంతకంటే చిన్న బిళ్ళలు 2011 నుంచీ చెల్లవు కదండీ, అర్ధరూపాయి పోగా మిగతా 49 పైసలు ఎలా కడతాం అని. రూపాయిచ్చి చిల్లర ఉంచుకోమందామా అంటే, ఒక పైసా ఎక్కువిచ్చి రేటు పాడుచేశామని పెద్ద కంపెనీలు కోపగించుకుంటాయేమోనన్నారు. ఫోన్‌లో కొట్టేద్దామని కుర్రాళ్ళు చెప్పాక గానీ కుదుటపడలేదు.

తీర్మానానికి ఆదివారం పదింటికి సెల్లార్‌లో సమావేశం పెట్టాం. పిన్ని చేపల బుట్ట పక్కన దించి అందరికంటే ముందే ముందు వరసలో కూర్చుంది. "కంపెనీ అయిపోతే ఒద్దనొచ్చా బావూ?" అని అడిగింది. ఒద్దననక్కర్లేదు, వాళ్ళే ముందు వచ్చి అడుగుతారని చెప్పాను. ఆ మాటకు నమ్మకం కుదిరినట్టు లేదు గానీ లేవలేదు.

పదకొండున్నరకు లెక్కపెడితే తొమ్మిదిమంది తేలారు. మా సంఘం బైలా ప్రకారం మూడో వంతు సభ్యులు లేనిదే లిఫ్టు తలుపుకు రంగు కూడా మార్చకూడదు. కోరం లేక సమావేశం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.