మహారాజశ్రీ భారత రాజ్యాంగం 37వ అధికరణం గారి సముఖమునకు

నమస్కారం. తమరు క్షేమమని తెలుసు. కోర్టు మెట్లెక్కే పనే లేనివారి క్షేమానికి లోటేముంటుంది?

వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం గురించి 41వ అధికరణాన్ని చూపిస్తూ ఇచ్చిన అర్జీకి ఈ వారమే ఒక కార్యాలయం నుంచి జవాబొచ్చింది. "సదరు అధికరణం ఆదేశిక సూత్రాల కిందికి వస్తుంది. 37 చూడగలరు." అంతే. చూశాం. అందుకే ఈ ఉత్తరం.

తమరిలో ఉన్నది ఒకే వాక్యం, దానికి మూడు ముక్కలు. రాజ్యాంగం నాలుగో భాగంలోని వాటిని, అంటే సర్కారుకు దారి చూపే ఆదేశిక సూత్రాలను, ఏ కోర్టూ అమలు చేయజాలదు. అయినా దేశపాలనకు అవే మౌలికం. చట్టాలు చేసేటప్పుడు వాటిని పాటించడం రాజ్యం కర్తవ్యం. మొదటి ముక్క సర్కారు వకీళ్లందరికీ కంఠతా వచ్చు. మిగతా రెండూ గ్రూప్స్ పరీక్షలు రాసేవాళ్లకు పనికొస్తున్నాయి.

రాజ్యాన్ని అదే రాజ్యం చేసిన చట్టం కట్టెయ్యగలదా అన్నది పాత చిక్కే. సార్వభౌముణ్ని కట్టడి చేసే నియమాలు చట్టం కావు, ఉత్త నీతిబోధ అని 1832లోనే ఇంగ్లండు న్యాయశాస్త్రవేత్త ఆస్టిన్ తేల్చేశాడు. ఒకడికి కర్తవ్యం ఉందంటే, అది చెయ్యమని నిలదీసే హక్కు ఇంకొకడికి ఉండాలని 1913లో అమెరికా న్యాయశాస్త్రవేత్త హోఫెల్డ్ అన్నాడు. తమరు ఇద్దర్నీ మెప్పించారు. కర్తవ్యం ఉంది, నిలదీసేవాడు లేడు.

ఐర్లండ్‌లో తమరి పెద్దన్నగారు నయం. 1937 నాటి వాళ్ల రాజ్యాంగంలో 45వ అధికరణం, ఇవి పార్లమెంటుకు మార్గదర్శకాలు, కోర్టులు పట్టించుకోనక్కర్లేదు అని మొహమాటం లేకుండా చెప్పేసింది. 'మౌలికం' అన్న హంగు మాత్రం మన సొంతం. బ్యాంకుకు వీలు చిక్కినప్పుడు మాత్రమే చెల్లే చెక్కు అని రాజ్యాంగ సభలోనే సభ్యుడు కె.టి. షా ఎద్దేవా చేశారు. ఆ చెక్కు మీద తారీఖు కూడా లేదని ఆయన గొణిగి ఉంటే ఇంకా బాగుండేది.

తారీఖు ఉన్నది ఒక్కదానికే లెండి. మన 45వ అధికరణం. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య, రాజ్యాంగం అమల్లోకొచ్చిన పదేళ్లలోగా. అంటే 1960 జనవరి 26 గడువు. గడువు దాటింది, ఎవరూ సంజాయిషీ అడగలేదు. అడగడానికి తమరు అడ్డు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు దొడ్డిదారి వెతికింది: 21వ అధికరణంలోని జీవించే హక్కును, చదువు ప్రస్తావన ఉన్న 41, 45లతో కలిపి చదివి, పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కే అంది. అప్పట్నుంచీ తెలివైన వకీలెవరూ 41ని పిటిషన్‌లో ముందు పెట్టరు. 21 ముందు, 41 దాని చాటున. వరస తప్పితే తమరి పేరు వినిపిస్తుంది, ఫైలు మూతపడుతుంది.

తర్వాతేమైంది? 2002లో 86వ సవరణతో 21ఎ వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి చదువు హక్కు అన్నారు, అమలు చట్టం 2010 ఏప్రిల్ 1న మొదలైంది. మరి ఆరేళ్లలోపు వాళ్లు? కొత్తగా రాసిన 45లోకి తోసేశారు. 'ప్రయత్నించాలి' అన్న మాట మాత్రం పదిలంగా ఉంది, గడువే ఎగిరిపోయింది. గడువు తప్పినందుకు శిక్ష గడువుకే పడిందన్నమాట.

47 సంగతి చెప్పుకోవడం దండగ. మద్యనిషేధానికి ప్రయత్నించమంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడితే 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆంధ్రాలో సర్కారే దుకాణం తెరిచి సీసాలమ్మిన ఏళ్లూ చూశాం.

ఇవన్నీ సహించవచ్చు. సహించలేనిది ఒక్కటుంది. పౌరుడు పట్టుకెళితే చెల్లని ఈ సూత్రాలు సర్కారు పట్టుకెళితే చెల్లుతాయి! 25వ సవరణతో వచ్చిన 31సి చూడండి. వనరులు అందరి మేలుకు పంచాలి, సంపద కొందరి దగ్గరే పోగుపడకూడదు అనే 39లోని బి, సి క్లాజుల కోసం చేసిన చట్టమైతే, సమానత్వం, స్వేచ్ఛల హక్కులిచ్చే 14, 19 అధికరణాల కింద కొట్టెయ్యడానికి వీల్లేదు. 1976లో 42వ సవరణ ఈ రక్షణను నాలుగో భాగం మొత్తానికీ పరిచింది. 1980లో మినర్వా మిల్స్ తీర్పు దాన్ని మళ్లీ కుదించింది. కానీ 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఒప్పుకున్నంత మేర 31సి బతికే ఉందని 2024 నవంబర్‌లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది.

అంటే ఏంటయ్యా నీ న్యాయం? ముసలాయన పింఛను కోసం 41 అంటే, 'కోర్టులో చెల్లదు' అంటావు. ప్రభుత్వం భూమి కోసం 39 అంటే ఆ కోర్టులోనే అడ్డుగోడై నిలబడతావు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న చెప్పిన మాట కూడా నీకు గుర్తుచెయ్యాలా? ప్రభుత్వం కోర్టుకు జవాబు చెప్పక్కర్లేకపోవచ్చు, ఎన్నికల్లో ఓటరుకు చెప్పి తీరాలని ఆయన నమ్మారు. ఐదేళ్లకొక ఓటు. దాంతోనే రోడ్డూ, కులమూ, కరెంటు బిల్లూ, అభ్యర్థి మొహమూ, నీ నాలుగో భాగమూ అన్నీ తేలాలి. జీవన వేతనం ఇవ్వమంటున్న 43 గురించి ఏ ఎన్నికల సభలో ఎవరు నోరెత్తారో చెప్పు.

మిమ్మల్ని మొత్తంగా కొట్టెయ్యమని అడగడం లేదు. నాలుగో భాగం అసలు లేకపోతే 1993లో కోర్టు 21తో కలిపి చదవడానికి ఏదీ దొరికేది కాదు, ఆ మాత్రం కృతజ్ఞత ఉంది. రెండు చిన్న సవరణలు చాలు. 'అమలు చేయజాలదు' పక్కన 'ప్రభుత్వం కూడా వీటిని తన రక్షణకు వాడుకోజాలదు' అని చేర్చండి. 45లో గడువు తిరిగి పెట్టండి, ఈసారి దాటితే సంజాయిషీ ఎవరిచ్చుకోవాలో హోదాతో సహా రాయండి.

ఇట్లు,
'చూడగలరు' అంటే చూసిన పౌరుడు