పల్లకీ తెర వెనుక శవం

1578 ఆగస్టు 4న మొరాకోలో జరిగిన అల్కాసర్ కిబిర్ యుద్ధం ప్రస్తావన వస్తే చాలు, క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య మతపోరు అని తేల్చేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. మరి పోర్చుగల్ రాజు సెబాస్టియన్ పక్షాన దిగిన అల్ ముతవక్కిల్ ఎవరండీ? గద్దె పోగొట్టుకున్న మొరాకో సుల్తానే కదా! బాబాయి అబ్ద్ అల్ మాలిక్‌ను దించడానికి పోర్చుగల్ గుమ్మం తొక్కాడు. మూడేళ్లకే రాజై, మూరుల (ఉత్తర ఆఫ్రికా ముస్లింల) మీద గెలుపు కలలు కంటూ పెరిగిన సెబాస్టియన్ దాయాదుల తగాదాలో తలదూర్చి, దానికి ధర్మయుద్ధమని పేరు పెట్టుకున్నాడు.

చెప్పేవాళ్లు లేకనా? మేనమామ, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ వద్దన్నాడు. అబ్ద్ అల్ మాలిక్ కూడా రాజీకి ఉత్తరాలు రాశాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రరాజు వింటేనా! మొరాకో తీరపట్టణం అసీలాలో ఓడలను వదిలేసి, దాదాపు 17,000 మందిని మండుటెండలో లోపలికి నడిపించాడు. అందులో జీతానికి వచ్చిన జర్మన్లూ ఇటాలియన్లూ ఉన్నారు. ఇదీ మన మతపోరు!

అవతల అబ్ద్ అల్ మాలిక్ జబ్బుతో లేవలేని స్థితిలో పల్లకీలో వచ్చాడు. పోరు మధ్యలో పట్టుబట్టి గుర్రమెక్కాడు, కూలబడ్డాడు, పల్లకీలోకి చేర్చాక ప్రాణం విడిచాడు. ఆయన మనుషులు కిక్కురుమనలేదు. తెర దగ్గరకు వెళ్లడం, ఏదో విన్నట్టు తిరిగి రావడం, సుల్తాన్ ఆజ్ఞ అంటూ కబురు పంపడం. శవం పేరు మీద యుద్ధం గెలిచారు.

సెబాస్టియన్ హతమయ్యాడు. ముతవక్కిల్ పారిపోతూ ఏట్లో మునిగిపోతే, చర్మం ఒలిచి గడ్డి కూరి ఊరేగించారు. వేలమంది చచ్చారు, అంతకన్నా ఎక్కువమంది బందీలయ్యారు. వాళ్లను విడిపించుకునేసరికి పెద్ద పెద్ద కుటుంబాలు చితికిపోయాయి. రాజుకు పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. అతని తర్వాత గద్దెక్కిన ముసలి కార్డినల్ (క్యాథలిక్ చర్చి పెద్ద) కూడా రెండేళ్లలో పోయాడు. 1580లో దేశం ఎవరి చేతికి చిక్కిందనుకున్నారు? వద్దని చెప్పిన ఆ ఫిలిప్ చేతికే. అరవై ఏళ్లు స్పెయిన్ రాజుల కిందే.

ఇంత నిర్వాకం చేసినవాణ్ణి తిట్టుకోవాలా? అబ్బే, చచ్చాడంటే నమ్మకుండా, పొగమంచులోంచి తిరిగి వస్తాడని తరతరాలు ఎదురుచూశారు. నేనే ఆ రాజునంటూ దొంగ సెబాస్టియన్లు బయల్దేరారు. ఒకడు స్పెయిన్‌లో పేస్ట్రీలు చేసుకునేవాడు, పాపం, ఉరికంబం ఎక్కాడు.

లిస్బన్‌లోని జెరోనిమోస్ మఠంలో పాలరాతి ఏనుగులు మోస్తున్న సమాధి ఒకటుంది. దాని మీద లాటిన్‌లో చెక్కిన మాట ఇది: వినవచ్చింది నిజమే అయితే, ఇందులో ఉన్నది సెబాస్టియన్.