స్పందించండి, ఆనక చదువుకోవచ్చు

విద్యార్థికి ఇవాళ అన్నిటికన్నా కష్టమైన సబ్జెక్టు సిలబస్‌లో లేదు. అది వార్తలకు స్పందించడం. దీనికి క్రెడిట్లు లేవు, హాల్‌టికెట్ లేదు, తప్పితే సప్లిమెంటరీ కూడా లేదు. పరీక్ష ఎప్పుడు పెడతారో ముందుగా చెప్పరు. అర్ధరాత్రి ఎక్కడో ఒక ప్రభుత్వం కూలుతుంది, తెల్లారేసరికి ఇంకెక్కడో భూమి కంపిస్తుంది, మొదటి పీరియడ్ మొదలయ్యేలోపే సగం క్లాసు స్టేటస్‌లు మారిపోయి ఉంటాయి. మారని సగాన్ని మారిన సగం అనుమానంగా చూస్తుంది: వీడికి మనసు లేదా, డేటా అయిపోయిందా? ఇంత బాధ్యతగల విద్యకు ఇప్పటిదాకా ఒక గైడైనా రాకపోవడం విద్యావ్యవస్థకే మచ్చ. ఆ మచ్చను కాస్తయినా చెరిపే ప్రయత్నమిది.

ముందుగా ముహూర్తం. సంఘటన జరిగిన తొలి గంటలో చెప్పే మృతుల సంఖ్య దాదాపు ఎప్పుడూ మారుతుంది, కారణం ఊహే అయి ఉంటుంది, నిందితుడి పేరు తరచూ తప్పు. ఈ సంగతి న్యూస్‌రూముల్లో పాతుకుపోయినవాళ్ళకు తెలుసు గనకే 'అందిన సమాచారం మేరకు', 'ధ్రువీకరించాల్సి ఉంది' లాంటి ముక్కలు తగిలిస్తారు. విద్యార్థి మొదట పీకేసేది ఆ ముక్కలనే. అవి ఉంటే వాక్యానికి ఊపు రాదు. పైగా ఇన్‌స్టాగ్రామ్ 2016లో స్టోరీలు తెచ్చినప్పటి నుంచీ మన ఆవేదనకు ఆయుర్దాయం 24 గంటలు. అందులో నిర్ధారణ కోసం ఆరు గంటలు ఖర్చుపెట్టే దుబారా ఎవరు చేస్తారు?

తొందరపాటు వల్ల నష్టమేమిటని అడిగేవాళ్ళ కోసం ఒక ఉదాహరణ. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తర్వాత రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో వేలాదిమంది గది తలుపులు వేసుకుని దర్యాప్తు మొదలెట్టారు. ఫొటోలు పెద్దవి చేసి, ముక్కూ గడ్డమూ కొలిచి, చివరికి ఒక విద్యార్థిని నేరస్థుడిగా తేల్చారు. అతను పేలుళ్ళకు నెలరోజుల ముందు నుంచే కనిపించడం లేదు. కొద్దిరోజులకు శవమై దొరికాడు. పేలుళ్ళతో అతనికి ఏ సంబంధమూ లేదు. ఆ మధ్యకాలంలో అతని ఇంట్లోవాళ్ళకు ఎలాంటి ఫోన్లు వచ్చి ఉంటాయో పెద్దగా ఊహించనక్కర్లేదు. రెడిట్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. వేలాది డిటెక్టివులు మాత్రం తర్వాతి కేసుకు వెళ్ళిపోయారు.

ముహూర్తం కుదిరాక ముడిసరుకు. స్పందనకు కావలసిన ముడిసరుకు శీర్షిక ఒక్కటే, వార్త కాదు. ఇదేదో నాసిరకం సలహా అనుకోకండి, దీనికి ప్రజామోదం ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయం, ఒక ఫ్రెంచి పరిశోధన సంస్థ కలిసి 2016లో లెక్క తీస్తే, ట్విట్టర్‌లో పంచుకున్న లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ ఒక్కసారి కూడా నొక్కి చూడలేదని తేలింది. 2024లో అమెరికాలోని పెన్‌స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫేస్‌బుక్‌లో మూడున్నర కోట్ల పోస్టులు తిరగేస్తే, పంచిన లింకుల్లో సుమారు 75 శాతం తెరవకుండా పంచినవే. ఈ రెండు అధ్యయనాల వార్తల్నీ ఎంతమంది తెరవకుండా పంచారో ఎవరైనా మూడో అధ్యయనం చెయ్యాలి. 2020లో ట్విట్టర్‌కే ఎందుకో మనసు పాడై, 'పంచే ముందు ఒకసారి చదువుతారా?' అని అడగడం మొదలెట్టింది. అలా అడిగాక వ్యాసం తెరిచేవాళ్ళు 40 శాతం పెరిగారని ఆ సంస్థే చెప్పుకుంది. అంటే చదవడం జనానికి రాక కాదు, ఎవరూ అడగక!

శీర్షిక సాధారణంగా రిపోర్టరు పెట్టడు, డెస్కు మీద సబ్ ఎడిటర్ పెడతాడు. ఉన్న కాస్త జాగాలో, చూసినవాడి కన్ను ఆగేలా పెట్టడం అతని పని. ఇక వార్త శరీరం తలకిందుల పిరమిడ్: ముఖ్యమైంది పైన, మిగతాది కిందికి పోయేకొద్దీ పలచన. పేజీలో చోటు చాలకపోతే కింద నుంచి కోసేయవచ్చని అలా రాస్తారు. అందుకే 'ఈ ఆరోపణను ఫలానావారు ఖండించారు', 'ఈ నిబంధన పాతదే, పేరు మారింది' లాంటి వాక్యాలు తొమ్మిదో పేరాలో తలదాచుకుంటాయి. మీ ఆగ్రహాన్ని కాపాడుకోవాలంటే తొమ్మిదో పేరా దాకా వెళ్ళొద్దు. అక్కడికి వెళ్ళి కోపంతో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

ఫొటో లేని ఆవేదన వేదికెక్కదు కాబట్టి తర్వాత ఫొటో సంగతి. వరద వార్త రాగానే ఒక షార్క్ కూడా వస్తుంది. మునిగిన రోడ్డు మీద కారు పక్కనే ఈదుతూ ఉంటుంది. ఆ షార్క్‌ను దక్షిణాఫ్రికా తీరంలో కయాక్ పడవ వెంట వెళ్తుండగా తీసిన ఒక ఫొటోలోంచి కత్తిరించారు. 2011లో ఐరీన్ తుఫానప్పుడు మొదటిసారి రోడ్డెక్కింది. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్‌లో మళ్ళీ దర్శనమిచ్చింది. ఇంత విస్తృతంగా పర్యటించిన చేప మరొకటి ఉండదు. వినోదమేమిటంటే 2022లో ఇయన్ తుఫానప్పుడు ఫ్లోరిడాలో ఒక పెరట్లో వరదనీటిలో షార్క్‌లా ఉన్న చేప ఈదుతున్న వీడియో వచ్చింది. అది నిజంగా అక్కడ తీసిందే. పదేళ్ళుగా మోసపోయి తెలివిమీరిన జనం మాత్రం 'ఇది పాతదే, ఫేక్' అని నవ్వేశారు. అన్నీ నమ్మేవాడికీ ఏదీ నమ్మనివాడికీ శ్రమ ఒక్కటే: సున్నా.

ఫొటో సరిచూడటం ఎలాగో చెబుతాం గానీ, దాన్ని వాడొద్దని మనవి. బొమ్మతోనే బొమ్మను వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో గానీ టిన్‌ఐలో గానీ దాన్ని వేసి, దొరికినవాటిలో అతి పాత తేదీ చూడాలి. టిన్‌ఐలో పాతవి ముందు వచ్చేలా పేర్చుకునే వీలుంది. నిన్నటి అల్లర్ల ఫొటో ఆరేళ్ళ కిందటి పేజీలో ఉంటే కథ అక్కడితో సరి. ఏమీ దొరకకపోతే అది కొత్తదని కాదు. కుడి ఎడమలు తిప్పేసినా, అంచులు కోసేసినా వెతుకులాట తడబడుతుంది. అప్పుడు బొమ్మలోని దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయో, బండ్ల నంబర్‌ప్లేట్లు ఎక్కడివో, అక్షరాలు తిరగబడి ఉన్నాయేమో చూడాలి. ఫొటో ఫైల్లో దాగి ఉండే తేదీ, స్థలం వివరాలను నమ్ముకోవద్దు, వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి ఊడిపోతాయి. ఇదంతా రెండు మూడు నిమిషాల పని. ఇబ్బంది అదే: రెండు నిమిషాల్లో ఉద్రేకం చల్లారిపోతుంది, చల్లారినవాడు ఏం పోస్ట్ చేస్తాడు?

2024 మే నెలలో గాజాలోని రఫా మీద లోకమంతా కళ్ళు నిలపాలని చెప్పే బొమ్మ ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు కోట్ల పైచిలుకు స్టోరీలకెక్కింది. అది కృత్రిమ మేధతో తయారైన బొమ్మ. గుడారాలు గీత గీసినట్టు వరుసలో ఉంటాయి, వెనకాల అక్కడ లేని మంచుకొండలుంటాయి. కెమెరా పట్టుకుని ఆ నేల మీద నిలబడినవాళ్ళు తీసిన ఫొటోలు చాలానే ఉన్నాయి. వాటిలో నెత్తురుంటుంది, చూడలేం, ప్లాట్‌ఫాం కూడా మసకేస్తుంది. ఎవరూ తియ్యని ఫొటో అందరికీ నచ్చింది. ఒక్కసారి నొక్కితే చాలు, గుంపులో గోవిందా.

అంతకన్నా చక్కని ఉదాహరణ 2020 జూన్ 2. అమెరికాలో నల్లజాతివారి హక్కుల నిరసనలకు మద్దతుగా లక్షలమంది నల్లని చదరం పోస్ట్ చేశారు. చేసినవాళ్ళలో చాలామంది ఉద్యమం హ్యాష్‌ట్యాగే తగిలించారు. అదే ట్యాగులో ఉద్యమకారులు పనికొచ్చే సమాచారం పంచుకుంటూ ఉండేవారు. ఆ రోజు ఆ ట్యాగు తెరిస్తే వరసగా నల్ల చదరాలు, వాటి అడుగున ఎక్కడో సమాచారం. ట్యాగు తీసేయండి మహాప్రభో అని ఉద్యమకారులే మొత్తుకోవాల్సి వచ్చింది. మద్దతు మరీ ఎక్కువైతే వచ్చే చిక్కు ఇది.

ఇక భాష. 'మాటలు రావడం లేదు' అని మొదలుపెట్టి కనీసం నాలుగు పేరాలు రాయాలి. రెండో వాక్యంలో 'ఒక విద్యార్థిగా' అన్న మాట తప్పనిసరి. ఏ అధికారమూ లేకపోవడమే అధికారంగా చెలామణి అయ్యే ఏకైక పదవి అది. ఇమోజీలు మూడు మించకూడదు. జెండా పెట్టేటప్పుడు మాత్రం కళ్ళు నలుపుకోవాలి. ఇండొనేషియా, మొనాకో రెండింటివీ పైన ఎరుపు, కింద తెలుపే. చాద్, రుమేనియా జెండాలను పక్కపక్కన పెట్టినా నీలం ఛాయలో ఇసుమంత తేడా తప్ప కనిపించదు. ఐర్లండ్‌ను తిప్పి పెడితే ఐవరీకోస్ట్. సునామీ ఒక దేశంలో వస్తే సంతాపం ఇంకో దేశానికి చేరడం దౌత్యపరంగా అంత బాగుండదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది, దాని పేరు 'ఎలా'. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2002లో కొందరిని జిప్పు, తాళం, ఫ్లష్ ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసని అడిగితే అందరూ తమకు తాము మంచి మార్కులే వేసుకున్నారు. సరే, అంచెలంచెలుగా రాయండి అనేసరికి కలం ఆగింది, మార్కులు తగ్గాయి. 2013లో ఇంకో బృందం అదే ఉపాయం ప్రభుత్వ విధానాల మీద వాడింది. ఆ విధానం ఎలా పనిచేస్తుందో వివరించమన్నప్పుడు జనం పట్టు సడలింది. మీరెందుకు సమర్థిస్తున్నారో కారణాలు చెప్పమన్నప్పుడు సడలలేదు. కాబట్టి వాదనలో 'ఎందుకు' దగ్గరే తిష్ట వేయాలి. జూనియర్ ఎవడైనా అమాయకంగా 'ఎలా అన్నా?' అంటే వెంటనే ల్యాబుకు టైమైందనాలి.

ఈ సూత్రాన్ని మన విద్యార్థులు అద్భుతంగా పాటిస్తున్నారు. తమ సబ్జెక్టునూ వార్తనూ ఒకచోట కలవనివ్వరు. వంతెన కూలిందనుకోండి. సివిల్ విద్యార్థికి స్కవర్ అంటే తెలుసు: వరదలో పిల్లరు చుట్టూ నీరు సుడి తిరిగి అడుగున మట్టిని తోడేస్తుంది, పునాది గాల్లో తేలుతుంది. వరద తగ్గేటప్పుడు ఆ గుంతలో వదులు ఒండ్రు నిండిపోతుంది, తర్వాత తనిఖీకి వచ్చినవాడికి అంతా చదునుగా కనిపిస్తుంది. వంతెనలు కూలడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాస్తాడు. స్టేటస్‌లో మాత్రం 'కాంట్రాక్టర్‌ను ఉరితీయాలి'. కాంట్రాక్టర్ దొంగే కావచ్చు. కానీ పునాది ఎంత లోతున వేశారు, చివరిసారి నీళ్ళలోకి దిగి చూసిందెప్పుడు అని అడగగలిగినవాడు క్లాసులో అతనొక్కడే, అతనే అడగలేదు.

ఎకనామిక్స్ విద్యార్థి అంతే. వడ్డీరేట్లు పెంచితే అప్పులు ప్రియమై, కొనుగోళ్ళు తగ్గి, ధరల మీద ఒత్తిడి సడలుతుందని, ఆ ప్రభావం కనబడటానికి ఏడాదో అంతకు మించో పడుతుందని నిద్రలో లేపినా చెబుతాడు. పెంచిన మర్నాడే 'ధరలేవీ తగ్గలేదే' అని వ్యంగ్యం పోస్ట్ చేసేదీ అతనే. స్టాటిస్టిక్స్ వాళ్ళకు 1995 నాటి బ్రిటన్ కథ చెప్పాలి. కొన్ని గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరిక వచ్చింది. ఏడు వేల మందిలో ఒకరికి ఉండే ముప్పు ఇద్దరికి పెరగడమే ఆ రెట్టింపు. భయపడి చాలామంది మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది అబార్షన్లు చేయించుకున్నవాళ్ళు వేలల్లో పెరిగారు. 'దేనికి రెట్టింపు?' అన్న ఒక్క ప్రశ్న ఆ సబ్జెక్టు మొదటి నెలలోనే చెబుతారు. ఆ రోజు చాలామంది బంక్ కొడతారు కాబోలు.

పొరపాటు బయటపడితే? స్టోరీ అయితే కంగారొద్దు, 24 గంటల్లో చరిత్ర తనంతట తానే చెరిగిపోతుంది. పోస్టయితే తీసేయండి, స్క్రీన్‌షాట్ తీసినవాడు మీ మిత్రుడే అయి ఉంటాడు. సవరణ పెట్టే ఆలోచన మాత్రం వద్దు. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరు చుట్టి వస్తుందని మన పెద్దలు లెక్కలు లేకుండానే చెప్పారు. ఎంఐటీ వాళ్ళు 2018లో లెక్కలతో చెప్పారు. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన 1,26,000 కథనాలు చూస్తే, అబద్ధాన్ని మళ్ళీ పంచే అవకాశం నిజం కన్నా 70 శాతం ఎక్కువ. 1,500 మందిని చేరడానికి అబద్ధానికి పట్టినదానికి ఆరు రెట్ల సమయం నిజానికి పట్టింది. తప్పు బాట్లదని, అంటే తమంతట తామే పోస్టులు పెట్టే ప్రోగ్రాములదని తప్పించుకుందామంటే వాటిని లెక్కలోంచి తీసేసినా ఫలితం మారలేదు. మనుషులే, చేతులారా.

చివరగా ఒక సాంకేతిక జాగ్రత్త. స్టోరీలు పెట్టిన వరసలోనే కనిపిస్తాయి. పొద్దున కొవ్వొత్తి, సాయంత్రం కాలేజీ ఫెస్ట్‌లో డాన్సు పెడితే చూసేవాళ్ళకు ఆ రెంటి మధ్య తేడా కొన్ని సెకన్లే. అందుచేత మధ్యలో ఒక సూర్యాస్తమయం ఫొటో వేసుకోవాలి. ఏ పక్షానికీ చెందదు, ఎవరూ నొచ్చుకోరు, విషాదం నుంచి ఉత్సాహానికి మెట్టుగా పనికొస్తుంది. అయితే అది సూర్యాస్తమయమేనా, ఎక్కడో అంటుకున్న కార్చిచ్చు ఫొటోనా అన్నది మాత్రం ఈ ఒక్కసారికి చూసుకుని వేయండి.