ముందు అమ్మానాన్నల గది, తర్వాతే మీడియా రూమ్

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొన్నవాళ్ళు ఒకసారి గరాజ్‌లోకి వెళ్ళి నేల చూడండి. చాలా ఇళ్ళలో ఒక మూల కాంక్రీటు మీదే ముద్ర వేసి ఉంటుంది, ఇది పోస్ట్ టెన్షన్ స్లాబు, కోయకూడదు, రంధ్రాలు వేయకూడదు అని. మా ఇంట్లో నాలుగేళ్ళు కాపురం ఉన్నాక గానీ నేను దాన్ని చదవలేదు. చదివిన రోజు నా పక్కన ప్లంబర్ నిలబడి ఉన్నాడు. మెట్ల పక్కనున్న చిన్న టాయిలెట్‌ని కాస్త పెంచి షవర్ పెట్టించుకుందామని పిలిచాను. ఆయన నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి ఆ ముద్ర చూపించాడు. ముందు ఆ కాంక్రీటులో ఉక్కు కేబుళ్ళు ఎటు వెళ్ళాయో స్కాన్ చేయించాలి, పైపు దారికి అవి అడ్డు రాకపోతే అప్పుడు చూద్దాం అని ఒక అంకె చెప్పి వెళ్ళిపోయాడు. ఆ అంకె విని మా ఆవిడ నవ్వింది. బాగా కోపం వస్తే తను నవ్వుతుంది.

ఉత్తర టెక్సాస్ నేల మన నల్లరేగడికి చుట్టం. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మే నెలలో పొలం గట్టు మీద నడిచినవాళ్ళకి ఆ బీటల గురించి నేను చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడ చాలావరకు ఇంటి అడుగంతా ఒకే పలకలా కాంక్రీటు పోసి, అందులో ముందే పరిచిన ఉక్కు కేబుళ్ళని కొన్ని రోజులయ్యాక లాగి బిగిస్తారు. కింద మట్టి కదిలినా పలక విరగకుండా ఆ బిగువే కాపాడుతుంది. తెలియక కోస్తే, కేబుల్ తెగితే, కోసేవాడికే ప్రమాదం. కింది అంతస్తు డ్రెయిన్ పైపులన్నీ ఆ పలక అడుగునే ఉంటాయి, కాంక్రీటు పోయకముందే వేసేస్తారు. అంటే మీ ఇంట్లో కింద బాత్‌రూమ్ ఎక్కడ అన్నది, ఆ స్థలంలో ఇంకా గడ్డి మొలిచి ఉండగానే తేలిపోయే విషయం. తర్వాత గోడలు జరపొచ్చు, గ్రానైట్ మార్చొచ్చు, దీని జోలికి మాత్రం అంత తేలిగ్గా వెళ్ళలేం.

మేము ఆ ఇల్లు 2014లో తీసుకున్నాం. నాలుగు పడగ్గదులు, మూడున్నర బాత్‌రూమ్‌లు. కింద ఉన్నది మా పడగ్గది ఒక్కటే. ప్లాన్ చూసిన రోజు పైన గేమ్ రూమ్, సినిమాలు చూసుకునే మీడియా రూమ్, కింద హాల్లో తలెత్తి చూస్తే 20 అడుగుల ఎత్తు సీలింగు, వీటికి మురిసిపోయి సంతకం పెట్టేశాం. మా నాన్నకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. మాకు తెలియక కాదు, సేల్స్ ఆఫీసులో కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు.

2018లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి ఏడాది. పైకి 17 మెట్లు. మొదటి వారం రెయిలింగు పట్టుకుని ఎక్కారు, రెండో వారానికి పొద్దున దిగితే మళ్ళీ రాత్రి పడుకోవడానికే ఎక్కడం, మూడో వారం నుంచి "ఈ సోఫాలోనే బాగుంది నాయనా" అనడం. చివరికి ముందు వైపున్న స్టడీ రూమ్‌లో మంచం వేశాం. దానికి అద్దాల తలుపులు. అమ్మ సూట్‌కేసులోంచి పాత వెంకటగిరి చీర ఒకటి తీసి తలుపులకి అడ్డంగా కట్టింది. అది ఆరు రోజుల్లో ఒకసారి ఊడిపోయేది, మళ్ళీ పిన్నులు పెట్టేది.

స్నానానికి మాత్రం మా పడగ్గదిలోంచే వెళ్ళాలి, కింద షవర్ ఉన్నది అక్కడే. మా ఆవిడ ఇంటినుంచే పని చేసేది, టేబుల్ కూడా ఆ గదిలోనే, ఏడున్నరకే మీటింగులు మొదలు. అమ్మ టవలు భుజాన వేసుకుని బయట హాల్లో కుర్చీలో కూర్చునేది, లోపల మాటలు ఆగాయా లేదా అని వింటూ. ఒక రోజు నేను పదకొండింటికి ఇంటికి వస్తే ఇంకా అలాగే కూర్చుని ఉంది. వెళ్ళమ్మా, తనేమీ అనుకోదు అన్నాను. "ఆ పిల్ల అనుకుంటుందని కాదురా. కొడుకూ కోడలూ పడుకునే గదిలోంచి తడి కాళ్ళతో నడిచి రావడం నాకే బాగోదు" అంది.

ఆరు నెలలు ఉందామని వచ్చినవాళ్ళు నాలుగో నెలలో టికెట్ ముందుకు జరుపుకున్నారు. ఊళ్ళో పెళ్ళి ఉందన్నారు. పెళ్ళి ఉన్న మాట నిజమే.

ఇప్పుడు ఇంకాస్త ఉత్తరానికి జరిగి రెండో ఇల్లు కట్టించుకుంటున్నాం. అనుభవం అయింది కాబట్టి నా మాట మొహమాటం లేకుండా చెప్తాను: కింద ఒక పడగ్గది, దాని లోపలినుంచే వెళ్ళే ఫుల్ బాత్ (అంటే షవర్ కూడా ఉన్నది), ఈ రెండూ లేని ప్లాన్‌ని అసలు చూడనే వద్దు. "కింద రెండు బాత్‌రూమ్‌లండీ" అంటారు, అందులో ఒకటి సగమే, షవర్ ఉండదు. ఇంకో రకం ప్లాన్‌లో కింద గెస్ట్ రూమ్ ఉంటుంది, బాత్‌రూమ్ మాత్రం హాల్లోకి తెరుచుకుంటుంది, వచ్చిపోయేవాళ్ళకీ అదే. ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయిన రోజు నలభై మంది ఆ తలుపు ముందు నిలబడితే, డెబ్భై ఏళ్ళ మనిషి తన బాత్‌రూమ్ కోసం తను లైన్లో ఉండాలి. వచ్చిపోయేవాళ్ళకి హాఫ్ బాత్ వేరే అడగండి. డబ్బు ఎక్కువవుతుందంటే మీడియా రూమ్ తీసేయమనండి. మా మీడియా రూమ్‌లో మొదటి ఏడాది నాలుగు సినిమాలు చూశాం, ఆ తర్వాత అది సూట్‌కేసుల గది. (ఏ ప్లాన్‌లోనూ సూట్‌కేసులకి చోటు ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. మన ఇళ్ళలో 23 కిలోల పెట్టెలు తక్కువలో తక్కువ ఎనిమిది ఉంటాయి, వెట్ గ్రైండర్ ఒకటి, బియ్యం బస్తాలు సరేసరి.)

ఇక వాస్తు. మనవాళ్ళు ప్లాన్ ముందు పెట్టుకోగానే ఫోన్‌లో దిక్సూచి తెరుస్తారు. నేనూ తెరిచాను, ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. కానీ తెరిచాక పూర్తిగా చూడాలి కదా! తూర్పు ముఖం అనగానే అదనంగా డబ్బు కట్టడానికి సిద్ధం, సేల్స్ ఆఫీసుల్లో అమెరికన్ అమ్మాయిలకి కూడా "వాస్తు" అని చక్కగా పలకడం వచ్చేసింది. ఇక్కడి మామూలు ప్లాన్‌లో గరాజ్ ముందు, వంటిల్లూ పెద్ద పడగ్గదీ వెనక. తూర్పు ముఖం ఇంట్లో వెనక అంటే పడమర. ఆగ్నేయం ముందు వైపుకి వస్తుంది, అంటే అక్కడ గరాజో స్టడీయో పడుతుంది. పొయ్యి ఉండాల్సిన మూలలో కారు పెట్టుకుంటాం, అదనంగా డబ్బు కట్టి మరీ. అదే ఉత్తర ముఖం అనుకోండి, వెనక దక్షిణం అవుతుంది, ప్లాన్‌ని అద్దంలో బొమ్మలా సరైన వైపుకి తిప్పించుకుంటే వంటిల్లు ఆగ్నేయానికి, పెద్ద పడగ్గది నైరుతికి వాటంతట అవే వస్తాయి. ఆ తిప్పడం బిల్డర్లకి మామూలే, గరాజ్ కుడివైపా ఎడమవైపా అని వాళ్ళే అడుగుతారు. మనం వాకిలి గుమ్మం దగ్గరే ఆగిపోతాం.

పైగా నైరుతి గది ఇంటి పెద్దది అంటాం. ఇంటి పెద్ద ఎవరు, మార్ట్‌గేజ్ కట్టేవాడా? ఈ ప్రశ్న నేను మా మామగారిని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అమెరికాలో వేరేలెండి" అన్నారు.

వంటింటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ 20 అడుగుల సీలింగు వల్ల నేను రెండో దెబ్బ తిన్నది అక్కడే. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్ళకి ఇంటి మధ్యలో ఎత్తు, వెలుతురు అంటే ఇష్టం ఉంటుంది, నాకూ ఉంది. కానీ మండువాకి పైన ఆకాశం ఉంది, పొగ అటే పోతుంది. ఇక్కడ పైన పిల్లల గదులున్నాయి. అమ్మ ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెడితే ముందు కింద ఒక క్షణం ఏమీ తెలియదు, తర్వాత పైన గేమ్ రూమ్‌లోంచి దగ్గు, ఆ తర్వాత తలుపు వేస్తున్న చప్పుడు. కోటులకి ఇంగువ వాసన. పొయ్యి మీద మైక్రోవేవ్‌తో కలిసి వచ్చే ఫ్యాన్ చాలా ఇళ్ళలో గాలిని బయటికి పంపదు, వడకట్టి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. కాబట్టి సంతకానికి ముందు ఒకే ప్రశ్న అడగండి: పొయ్యి పైనుండే హుడ్ గొట్టం గోడలోంచో కప్పులోంచో బయటికి పోతుందా? ఫ్యాన్ మరీ పెద్దదైతే, 400 సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో) దాటితే, చాలా సందర్భాల్లో బయటి గాలి లోపలికి రావడానికి వేరే దారి పెట్టాలని బిల్డింగ్ కోడ్‌లో నియమం ఉంది, అదీ అప్పుడే మాట్లాడుకోవాలి. ఈ మధ్య సెకండ్ కిచెన్ అని ఒకటి ఇస్తున్నారు. తలుపు, సింకు, బయటికి పోయే హుడ్ ఉంటే తీసుకోండి. అవి లేకపోతే అది ఖరీదైన స్టోర్ రూమ్.

పెద్దవాళ్ళ బాత్‌రూమ్ విషయంలో డబ్బు పెద్దగా అక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి, సమయానికి చెప్పడమే వాటికి ఖరీదు. షవర్‌లోకి గడప లేకుండా నేరుగా నడిచి వెళ్ళాలంటే ఆ మేరకి స్లాబుని కాస్త కిందకి దించి పోయాలి, అంటే ఇది కూడా కాంక్రీటు రోజుకి ముందు మాటే. పట్టుకునే కడ్డీలు ఇప్పుడే బిగించక్కర్లేదు, ఆసుపత్రిలా ఉందని అమ్మే ఒప్పుకోదు. కానీ గోడలకి డ్రైవాల్ పలకలు వేయకముందు షవర్ గోడలోనూ కమోడ్ పక్క గోడలోనూ, నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తులో అడ్డంగా చెక్కలు కొట్టించి ఉంచితే, పదేళ్ళ తర్వాతైనా కడ్డీ గట్టిగా నిలబడుతుంది. ఆ గోడలకి ఫోటోలు తీసి పెట్టుకోండి, చెక్క ఎక్కడుందో తర్వాత ఎవరికీ గుర్తుండదు. తలుపు 36 అంగుళాలది అడగండి. 28 అంగుళాల తలుపులోంచి వాకర్ తీసుకెళ్ళడం నేను చూశాను, ముందు వాకర్‌ని పక్కకి తిప్పి లోపలికి తోసి, చౌకట్టు పట్టుకుని మనిషి వెళ్ళాలి. అప్పుడు రెండు చేతులూ ఉండాల్సింది వాకర్ మీద.

ఇదంతా ఏడాదికి ఆరు నెలల కోసమా, రీసేల్‌కి మీడియా రూమ్ ఉంటే మంచిది కదా అని మా ఫ్రెండ్ ఒకతను వాదించాడు. మా అబ్బాయి సాకర్ ఆడి కాలు విరగ్గొట్టుకుని ఏడు వారాలు ఆ స్టడీలోనే పడుకున్నాడని చెప్పాను. అతను ఒప్పుకోలేదు. అతని తల్లిదండ్రులు ఇంకా మెట్లు పరుగెత్తి ఎక్కుతున్నారు, సంతోషం. న్యూజెర్సీ వాళ్ళు మాకు బేస్‌మెంట్ ఉంది అంటారు, దానికి నా దగ్గర ఒకటే జవాబు: అక్కడికీ మెట్లేగా.

పోయిన నెల పాత ఇంటి గరాజ్‌లో కార్లు బయట పెట్టి, నీలం టేపుతో కొత్త ఇంటి కింది గది కొలతలు నేల మీద అతికించాను, 12 అడుగులు, 13 అడుగులు. మంచం ఇక్కడ, బీరువా ఇక్కడ, బాత్‌రూమ్ తలుపు ఇక్కడ అని వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. ఎంత వివరంగా గీశానో అని నాకు కాస్త గర్వంగానే ఉంది. అంతా చూసి, "కిటికీ ఎటువైపురా?" అంది.

పక్క ఫెన్సు వైపు. కిటికీ తెరిస్తే కొన్ని అడుగుల దూరంలో చెక్క గోడ.

"రోడ్డు కనపడదా మరి?"

2018లో స్టడీలో ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో తనకి నచ్చింది అదొక్కటేనట. నాకెప్పుడూ చెప్పలేదు. మేమందరం పనిలో ఉంటే నాన్న పేపరు ఫోన్‌లో చదువుకునేవారు, తను కిటికీ దగ్గర కూర్చుని పోస్టు బండి వచ్చే టైము, స్కూలు బస్సు వచ్చే టైము, సాయంత్రం చీరల మీద స్నీకర్లు వేసుకుని వాకింగ్‌కి వెళ్ళే ముగ్గురు ఆడవాళ్ళు, అన్నీ లెక్క పెట్టుకునేది. ఆ ముగ్గురిలో ఒకావిడది చీరాల అని కూడా కనుక్కుంది. ఊళ్ళో మా ఇంటి ముందు అరుగు మీద చేసే పనే.

మర్నాడు బిల్డర్‌కి మెయిల్ పెట్టాను, ముందున్న స్టడీనీ పక్కనున్న గెస్ట్ రూమ్‌నీ అటూ ఇటూ మార్చమని. ఉత్తర ముఖం ఇల్లు కాబట్టి ముందుకొచ్చిన గది ఈశాన్యంలో పడుతుంది, బాత్‌రూమ్ ఆ మూలలో రాకూడదని మామగారు అన్నారు. బాత్‌రూమ్‌ని ఆ గదికి వెనక వైపు, తూర్పు గోడ మధ్యకి జరిపితే అమ్మకీ ఆయనకీ కుదురుతుందని మా ఆవిడ గీసి చూపించింది. కిటికీ అడుగు గట్టు కూడా కిందకి దించమని అడిగాను, కుర్చీలో కూర్చున్న మనిషికి రోడ్డు కనపడాలి కదా. ఆ మార్పులకి ఎంతవుతుందో ఇంకా చెప్పలేదు. స్లాబు వచ్చే నెల 9న పోస్తారట.