అనుమానం డాక్టర్ మీద కాదు
అమెరికన్లకు వైద్యం మీద నమ్మకం పోవడానికి సోషల్ మీడియా పుకార్లే ముఖ్య కారణమని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. పుకార్లు లేవని అనను. కానీ అమెరికాలో ఉంటున్నవాడిగా చెప్తున్నా, జనం అనుమానించేది డాక్టర్ని కాదు, డాక్టర్ రాసినదానికి డబ్బు కట్టాలా వద్దా అని తేల్చే ఇన్సూరెన్స్ కంపెనీని. మా ఆవిడకు వెన్నునొప్పికి డాక్టర్ ఎమ్మారై రాస్తే, ముందు ఫిజియోథెరపీ చేయించుకుని చూడండి అని ఇన్సూరెన్స్ వాళ్లు తిప్పికొట్టారు. ఫోన్ చేస్తే ఆసుపత్రిని అడగమంటారు, ఆసుపత్రి వాళ్లేమో ఇన్సూరెన్స్‌నే అడగమంటారు. ఇది మా ఒక్కరి గోడు కాదు. 2023లో ప్రభుత్వ ఇన్సూరెన్స్ వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ ద్వారా పాలసీలు అమ్మిన కంపెనీలు, తమతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు, డాక్టర్ల నుంచి వచ్చిన క్లెయిముల్లోనే దాదాపు ఐదో వంతు తిరస్కరించాయి. వాటి మీద అప్పీలుకు వెళ్లినవాళ్లు ఒక శాతం కూడా లేరు. ఓపిక లేక వదిలేస్తారని కంపెనీలకు తెలియదంటారా? ఒబామాకేర్ అనే 2010 ఆరోగ్య బీమా చట్టం ప్రకారం కంపెనీలు ప్రీమియం సొమ్ములో కనీసం 80 నుంచి 85 శాతం వైద్యానికి, దాని నాణ్యత పెంచడానికి ఖర్చు పెట్టాలి. వినడానికి బాగానే ఉంది. అయితే కంపెనీ ఖర్చులకూ లాభానికీ మిగిలిన వాటా కూడా శాతంలోనే కదా, వైద్యం ఖర్చు పెరిగి ప్రీమియం పెరిగితే అదీ పెరుగుతుంది. ఇక మందుల ధరలకొస్తే, ఇన్సులిన్ సంగతి చూడండి. కనిపెట్టినవాళ్లు 1923లో పేటెంటును ఒక్కో డాలరుకు టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ మెడికేర్‌లో ఉన్నవాళ్లకు దాన్ని నెలకు 35 డాలర్లు మించకుండా ఇవ్వడానికి 2023 దాకా పట్టింది, అదీ చట్టం చేస్తేనే.