ఫ్రిజ్‌లో నారుమడి

ఆవిడ: ఏమండీ, ఫ్రిజ్‌లో ఆ తడి టిష్యూ మీరేనా పెట్టింది? విప్పితే లోపల నల్లగా, సన్నగా ఏవో పురుగులు!

ఆయన: పురుగులేమిటి! సలాడ్‌లో వేసే ఆకుకూర, లెట్యూస్ గింజలవి. ముట్టుకోలేదు కదా?

ఆవిడ: ఛీ, ముట్టుకుంటానా? చిమ్టాతో పట్టుకుని పెరట్లో ఖాళీ కుండీలో దులిపేశాను.

ఆయన: నాలుగు రోజుల తపస్సే అది! మట్టి బాగా వేడెక్కితే, అంటే 30 డిగ్రీలు దాటితే, లెట్యూస్ గింజ మొలవనని మొండికేస్తుంది. అందుకే తడిపి చల్లగా పెట్టి, చలికాలం వచ్చేసిందని దాన్ని నమ్మిస్తున్నాను.

ఆవిడ: పెళ్లికి ముందు నన్నూ ఇలాగే ఏవేవో చెప్పి నమ్మించారు. అయినా చలికాలం పంటకి ఈ ఎండల్లో తొందరేమిటి? చలి వచ్చాకే వేసుకోవచ్చుగా?

ఆయన: అక్కడే అందరూ దెబ్బతినేది. పగటి వెలుతురు పది గంటలకన్నా తగ్గిందంటే మొక్క ఎదగడం దాదాపు ఆపేస్తుంది. ఆలోపే ముప్పాతిక వంతు పెరిగి ఉండాలి. ఆ తర్వాత పెరడే ఫ్రిజ్ అనుకో. కావలసినప్పుడు వెళ్లి కోసుకోవడమే.

ఆవిడ: వెలుతురు తగ్గగానే పని మానేస్తుందా? సందేహం లేదు, మీ మొక్కే.

ఆయన: నవ్వుకో. కుండీవి పోతే పోయాయి, మడిలో పాలకూరతో పాటు వేసినవి ఉన్నాయి. అంగుళం లోతున, స్కేలు పెట్టి మరీ పాతాను.

(ఇక్కడ పది రోజులు వదిలేద్దాం. మడి దగ్గర ఆయన కూర్చున్న భంగిమ తప్ప చెప్పడానికి ఏమీ లేదు.)

ఆవిడ: ఏమండీ, మీ మడిలో పాలకూర ఒక్కటే వచ్చింది. లెట్యూస్ జాడే లేదు. నేను పారేసిన కుండీ చూశారా? గడ్డిలా ఒత్తుగా మొలిచింది!

ఆయన: ఏదీ... నిజమే! పైపైన పడ్డాయి కదా, వెలుతురు తగిలింది. లెట్యూస్ గింజకి వెలుతురు కావాలి. 1952లోనే శాస్త్రవేత్తలు దాని మీద పరీక్ష చేశారు. ఎర్రటి వెలుగు చూపిస్తే మొలిచిందట!

ఆవిడ: ఇంత తెలిసినవారు అంగుళం లోతున ఎందుకు పాతిపెట్టారు?

ఆయన: ఆ పేజీ నిన్ననే చదివాను.

ఆవిడ: కాగల కార్యం గంధర్వులే తీర్చారు. ఆ గంధర్వులు నేనే. సరే, కత్తెర ఇలా ఇవ్వండి, ఈ గుంపు పలచన చెయ్యాలి. మొక్కకీ మొక్కకీ జానెడైనా ఎడం ఉండాలి.

ఆయన: అయ్యో, ఇప్పుడే పుట్టాయి! ఉండనీ పాపం, సర్దుకుంటాయి.

ఆవిడ: ఒకే సీట్లో పదిమందిని కూర్చోబెట్టి సర్దుకోమంటే ఎలా? గాలాడక మొదలు కుళ్లిపోతాయి. కత్తిరించినవేమీ పారేయను లెండి, కడుక్కుని తినేయడమే.

(ఆయన మొహం తిప్పుకున్నారు. కానీ గిన్నె ముందుకొచ్చాక రెండోసారి పెట్టమన్నది కూడా ఆయనే.)

తర్వాత చలి దిగింది. ఒకరోజు తెల్లవారేసరికి నేలంతా తెల్లటి మంచు.

ఆవిడ: ఏమండీ, లేవండి! పాలకూర మొత్తం నేలకి అతుక్కుపోయింది. ఆకు పట్టుకుంటే గాజుపెంకులా పుటుక్కుమంది. రాత్రి మడి మీద దుప్పటి కప్పమన్నాను, కప్పారా?

ఆయన: కప్పాను... కారుకి.

ఆవిడ: కారుకా! కారేమన్నా మొలకెత్తుతుందా? పోనీ, పూర్తిగా పాడవకముందే కోసేస్తానుండండి.

ఆయన: ఆగాగు! గడ్డకట్టినప్పుడు కోశావా, కరిగాక ముద్దైపోతుంది. పొద్దెక్కనీ, అదే లేస్తుంది చూడు.

ఆవిడ: మీరే ఇంకా లేవలేదు, అదేం లేస్తుంది?

(లేచింది. మధ్యాహ్నానికి ఒక్కో ఆకూ నెమ్మదిగా తల ఎత్తింది. ఆవిడ ఒకటి తుంచి నోట్లో వేసుకున్నారు. నముల్తూ నముల్తూ ఆగారు.)

ఆవిడ: ఇదేమిటి, ఇంత తియ్యగా ఉంది? పోయిన నెల ఇలా లేదే!

ఆయన: అదీ! చలి పట్టుకోగానే మొక్క తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. చక్కెర కలిసిన నీరు అంత తొందరగా గడ్డకట్టదు కదా. ప్రాణం కాపాడుకోవడానికి దాని తిప్పలు, మనకేమో రుచి.

ఆవిడ: అంటే రాత్రంతా చలిలో వదిలేస్తే తియ్యబడుతుందంటారు.

ఆయన: అక్షరాలా!

ఆవిడ: అయితే ఈ రాత్రికి మీరూ పెరట్లోనే పడుకోండి.

ఆయన: సరేగానీ... దుప్పటి?

ఆవిడ: కారుకి కప్పారుగా!